బోధ పుస్తకంలో లేని పేరు

సిరిసిల్ల,
8 డిసెంబరు 2025

ఓదెలు మామకు,

సంగీత రాస్తున్నది. నువ్వు ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. "ఏదున్నా కాయితం మీద రాయి, ఫోన్ల ఒర్రకు" అని నువ్వే అన్నావు. నిన్ను దొంగ అన్న మాట నిజమే. నువ్వు స్పీకరులో పెట్టావని, నువ్వు కార్యదర్శిగా ఉన్న మఠం కమిటీ అంతా పక్కన కూర్చుని వింటున్నదని నాకు తెలియదు. తెలిసినా అనేదాన్నేమో.

జరిగింది వరుసగా రాస్తాను. నవంబరు 23న మఠం వాళ్ల గురుబోధ సమాజం వాట్సాప్ గ్రూపులో శిష్యుల జాబితా పెట్టారు. నలభై పేజీలు. పేరు, ఊరు, కులం, బోధ తీసుకున్న తేదీ, మఠం భూమిలో సమాధి స్థలం నంబరు, చివరి గడిలో విడుపు. విడుపు అంటే బోధ తీసుకునే రోజు గురువు ముందు ఒక్కసారి బయటికి చెప్పి అక్కడే వదిలేసేదని, మళ్లీ దాని మాట ఎత్తకూడదని చిన్నప్పుడు మాకు చెప్పింది నువ్వే. నాన్న విడుపు చందుర్తిలో అందరికీ తెలుసు. తాళ్లు గీసే మనిషి కల్లు తాగడం విడిచాడు. చచ్చేదాకా గీశాడు, చుక్క ముట్టలేదు. అమ్మ విడుపు మాత్రం ఆ జాబితాలోనే చూశాను. "రాధమ్మ, భర్త నర్సన్న. పెద్దరోగం. రెండేళ్లు సర్కారు మందులు మింగిన సంగతి అత్తింట దాచినది."

పెద్దరోగం అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. గ్రూపులో ఒకాయన కింద రాసి పెట్టాడు: కుష్టు.

ముప్పై ఏళ్ల కింద నయమైపోయిన జబ్బు. ఎడమ పాదానికి స్పర్శ లేకపోవడం తప్ప ఏమీ మిగల్లేదు. కానీ నా కర్రీ పాయింట్‌లో కూరగాయలు తరిగేది అమ్మే అని మరమగ్గాల వాళ్లందరికీ తెలుసు. మొన్న శుక్రవారం పప్పు గిన్నె పొద్దున ఎంత ఉన్నదో సాయంత్రానికీ అంతే ఉంది. ఒకామె ముందే అడిగింది: "ముసలామె చెయ్యి పెట్టని కూరేదన్న ఉందా?" మస్కట్‌లో ఉన్న నా భర్త రాజేందర్‌కు క్యాంపులో ఎవరో చూపించారు. ప్రవళికను అమ్మమ్మ పక్కన పడుకోబెట్టవద్దని ఫోను చేశాడు.

నేను అడిగేది ఒక్కటే. అమ్మ వరుసలో ఆ చివరి గడి ఖాళీ చెయ్యి. ఇదంతా అమ్మకు తెలియదు. గిరాకీ ఎందుకు తగ్గిందంటే చలికాలం అని చెప్పాను. ఆమెకు బతుకు మీద పెద్ద ఆశలేమీ లేవని నీకు తెలుసు. నలభై ఒకటో స్థలంలో, నాన్న పక్కన, శిష్యులను కూర్చోబెట్టినట్టు తననూ కూర్చోబెట్టి మన్ను పోయాలి. అంతే. అదొక్కటీ ఉందన్న ధైర్యంతో తిరుగుతున్నది.

అందినట్టు ఒక ముక్క రాయి.

సంగీత


కోరుట్ల,
15 డిసెంబరు 2025

చి. సంగీతకు ఆశీస్సులు.

నీ ఉత్తరం 11న అందింది. మఠానికి వచ్చే ఉత్తరాల ఇన్‌వర్డు రిజిస్టరులో 212 నంబరుగా ఎక్కించాను. మండలాఫీసులో ముప్పై నాలుగేళ్లు చేసిన అలవాటు, నవ్వుకుంటే నవ్వుకో.

జాబితా ఎందుకు పెట్టామంటే, పాత పుస్తకం చెదలు పట్టింది. కంప్యూటరుకు ఎక్కించాం. ఎక్కించినదానిలో తప్పులుంటే చెప్పమని గ్రూపులో పెట్టాం, శిష్యుల్లో సగం మంది గల్ఫ్‌లో ఉన్నారు కాబట్టి. పెట్టడానికి వారం ముందు, నవంబరు 16న నోటీసు కూడా పెట్టాను. విడుపు గడి విషయంలో అభ్యంతరం ఉన్నవారు ముందుగా చెప్పాలని. ఏడుగురు చెప్పారు. ఏడుగురివీ తీసేశాను. అక్క చెప్పలేదు.

అక్క దగ్గర ఫోను లేదంటావు. అక్క నంబరుగా నీ నంబరు రాయించింది నువ్వే. ఆ నోటీసు చూసినవాళ్ల పేర్లు నా ఫోనులో కనిపిస్తాయి. నీ పేరు ఉంది. 16వ తేదీ ఉదయం 9.14కు.

సొంత అక్క కదా, అడగకుండా తీసేయలేవా అని ఫోనులో అన్నావు. అట్లా చేస్తే మిగతా వాళ్లకు నేనేం చెప్పాలి? కార్యదర్శి అక్క కాబట్టి దాగింది, మన ఆడవాళ్లవి బయటపడ్డాయి అంటారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాక ఒక్కరితో మాట పడలేదు, నీతో తప్ప.

గడి ఖాళీ చేయడం నా చేతిలో లేదు. పుస్తకం మొదటి గురువు చేతిరాత. అందులో ఇంతవరకు ఒక్క కొట్టివేత లేదు. జగిత్యాల వకీలు సుదర్శన్ గారిని అడిగాను. సమాచారం ఎవరిదో వాళ్లు సంతకం పెట్టి అడగాలి, బిడ్డ అడిగితే చెల్లదు అన్నారు. అక్క అడిగితే అప్పుడు చూద్దాం.

మా ఊరు మేడిపల్లిలో కోతలయ్యాయి. అక్క పాదానికి కొబ్బరినూనె రాయమని చెప్పు. నెలనెలా జగిత్యాల ఆస్పత్రి నుంచి ఆ గోళీలు తెచ్చి ఇచ్చింది నేనే. నీకు ఆ జబ్బు సంగతే ఈ జాబితా చూసేదాకా తెలియదు.

ఓదెలు


సిరిసిల్ల,
28 డిసెంబరు 2025

మామకు,

దరఖాస్తు దీనితో పెడుతున్నాను. మా మేడ మీద అద్దెకుండే అమృత కరీంనగర్‌లో లా చదువుతున్నది. నెట్‌లో నమూనా తీసి తనే నింపింది. మూడు గడులున్నాయి: సరిదిద్దుట, కొంత తొలగించుట, పూర్తిగా తొలగించుట. నేను రెండోది అన్నాను. "కొంతే అంటే ఎక్కడో ఒక కాపీ పెట్టుకుంటరు ఆంటీ, మల్ల రేపు బయటికొస్తది" అన్నది. మూడోది టిక్ పెట్టాం. "పేరు ఎక్కడెక్కడ ఉన్నా అన్ని రికార్డుల నుంచి" అని కూడా రాసింది.

అమ్మ చదివించుకుని సంతకం పెట్టింది. ఇక నీకు సాకు లేదు.

నోటీసు సంగతి. ఆ గ్రూపులో పొద్దున లేస్తే ఎనభై శుభోదయాలు, ఎనభై పూలు. వాటిని వేలితో తోసుకుంటూ పోతాను. ఆ రోజు పొయ్యి మీద రెండు గిన్నెలున్నాయి. చూసినట్టు నీకు కనిపించి ఉంటుంది. నేను చూడలేదు.

సంగీత


కోరుట్ల,
12 జనవరి 2026

సంగీతకు,

అక్క దరఖాస్తు మీద కమిటీ 4వ తేదీ ఆదివారం కూర్చుంది. సుదర్శన్ గారు వచ్చారు. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో చేశారు. నిబంధనలు మొన్న నవంబరులో వచ్చాయి. తొలగించమని అడిగే హక్కు అమల్లోకి రావడానికి ఇంకా ఏడాది పైన గడువుంది. అదీ కంప్యూటరులో ఉన్నదానికే, కాగితం పుస్తకానికి కాదు. అంటే ఇవాళ మేము ఏమీ చేయకపోయినా తప్పు లేదు.

"మరేం జేద్దామే ఓదెలన్నా?" అని అధ్యక్షుడు అడిగారు.

"అడిగింది మా అక్క. అడిగినట్టే చేద్దాం" అన్నాను.

కంప్యూటరులో ఆమె వరుస తీసేశాం. ఫోటో తీసేశాం. పుస్తకంలో ఆమె పేరున్న అరవై మూడో పేజీలో ఇంకో ముగ్గురున్నారు. వాళ్లవి వేరే కాగితానికి ఎత్తి రాసి, వాళ్లచేత సంతకాలు పెట్టించి, ఆ పేజీని బ్లేడుతో కోసి అయిదుగురి ముందు కాల్చాం. సమాధి స్థలాల రిజిస్టరులో ఆమె వరుస కొట్టేశాం. బావ వివరాల్లో భార్య పేరు ఉండేది, ఆ గడి ఖాళీ చేశాం. పేరు ఎక్కడెక్కడ ఉన్నా అని రాశారు కాబట్టి ఎక్కడెక్కడ ఉన్నదో అంతటా వెతికాం. నాలుగు రోజులు పట్టింది.

అక్కకు సంతకం నేర్పింది నేను. మేడిపల్లిలో, పలక మీద. మఠంతో తెగతెంపులు చేసుకునే కాగితం మీద అదే సంతకం పెట్టేటప్పుడు నా ఊసు ఏమన్నా ఎత్తిందా అని అడగాలనిపించింది. అడగను.

ఓదెలు


సిరిసిల్ల,
20 ఫిబ్రవరి 2026

మామకు నమస్కారం.

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు చేసిన పనికి సంతోషం. తెగతెంపులు అని రాశావు, అట్లాంటిదేమీ లేదు. ఆ గడి పోవాలన్నదే మా బాధ. అది పోయింది.

గిరాకీ సగం తిరిగొచ్చింది. అమ్మను తరగనీయడం లేదు. "నా చేతులకేమైందే?" అంటుంది. మోకాళ్లు నొస్తాయి కదా అంటాను. ఖాళీగా కూర్చోలేక ఇప్పుడు ప్రవళిక నోటుబుక్కులకు అట్టలు వేస్తున్నది, పక్కింటి పిల్లలవి కూడా.

మార్చి 24న గురువు ఆరాధనకు పోవాలని పట్టు పట్టింది. తెల్లచీర ఉతికి మడత పెట్టుకుంది. నాన్న సమాధి దగ్గర గడ్డి పీకుతుందట, తన స్థలంలో కూడా. "నా జాగ నేనే సాపు జేస్కోవాలె గదా, ఇంకెవలు జేస్తరు" అని నవ్వుతున్నది. రిజిస్టరులో పేరు లేకపోతేనేం, నాన్న పక్కన రాయి పాతి ఉంది కదా అని నేనూ ధైర్యంగా ఉన్నాను. మేమిద్దరం బస్సులో వస్తాం. నువ్వు కాస్త ముందు వరుసలో కూర్చోబెట్టు, ఆమెకు వినపడదు.

నీ మేనకోడలు
సంగీత


కోరుట్ల,
1 మార్చి 2026

సంగీతకు,

ఆరాధనకు ఎవరైనా రావచ్చు. భోజనం అందరికీ ఉంటుంది. లోపలి పందిట్లోకి మాత్రం పుస్తకం చూసి పేరు పిలిచిన వాళ్లే పోతారు. మిగతావాళ్లు బయట గచ్చు మీద ఉండాలి. చెప్పులు గేటు దగ్గర విడవాలి. ఇది నీకు కొత్త కాదు, చిన్నప్పుడు నువ్వూ బయటే ఆడుకునేదానివి.

స్థలం గురించి రాశావు. రిజిస్టరులో పేరు లేకపోతే స్థలం ఉండదు. ఫిబ్రవరి 8న ఆ రాయి తీసి, జాబితాలో తర్వాతి మనిషికి నలభై ఒకటి కేటాయించాం. లోపలి వరుసల్లో స్థలం కోసం పదహారు మంది ఎదురుచూస్తున్నారు. అక్క తెలిసే సంతకం పెట్టింది కాబట్టి అక్కకు వేరే ఉత్తరం రాయలేదు. నువ్వు చెప్పే ఉంటావు.

ఓదెలు


సిరిసిల్ల,
30 మార్చి 2026

మామా,

నేను చెప్పలేదు. నీ ఉత్తరం చదివి పోపుల డబ్బా కింద పెట్టాను. అమ్మను ఎదురుగా చూస్తే నీ మనసు మారుతుందనుకుని తీసుకొచ్చాను. అదీ నా లెక్క.

పదకొండున్నరకు గేటు దగ్గర చెప్పులు విడిచాం. లోపల పేర్లు పిలవడం మొదలైంది. అమ్మ గచ్చు మీద నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు, "పిల్సినప్పుడు లేవాలంటే తడవైతది" అన్నది. రెండుంబావు దాకా నిలబడింది. ప్రతి పేరుకూ ఒక అడుగు ముందుకేసి ఆగింది. చివరికి తలుపు దగ్గరున్న మనిషితో తనే చెప్పింది.

"రాధమ్మ. చందుర్తి నర్సన్న పెండ్లాన్ని."

"నీ పేరు లేదవ్వా. ఎవలు రమ్మన్నరు నిన్ను?"

"మా తమ్ముడే గా కాయితం సదివేటాయన."

వెనక నుంచి ఎవరో అన్నారు: "గామెనే రా, గా రోగం అవ్వ."

ఆమెకు సరిగా వినపడదు కానీ ఇది వినపడింది. నాన్న సమాధి దగ్గరికి పోలేదు. బువ్వ తినలేదు. బస్సులో వేములవాడ దాటినాక అడిగింది. "గందుకేనా బిడ్డా పిలువలే? గురువు కాడ ఇడిసిన్నంటె గాడనే ఉంటదనుకున్న." బస్సు దిగేముందు, "ఓదెలు నన్ను జూసిండు. జూసి మల్ల కాయితం దిక్కు జూసిండు" అన్నది.

రోగం సంగతి బయటపడ్డందుకు మఠం వాళ్లు దూరం పెట్టారని ఆమె అనుకుంటున్నది. కాదంటే అసలు సంగతి చెప్పాలి.

మర్నాడు చూస్తే ఎడమ అరికాలు మొత్తం బొబ్బలెక్కింది. స్పర్శ లేని కాలు కదా, గచ్చు కాలుతున్నదని దానికి తెలియలేదు.

మామా, పేరు మళ్లీ ఎక్కించడానికి ఏం చేయాలో చెప్పు. ఆ గడి కూడా ఉండనీ. కుష్టు అని పెద్దక్షరాలతో రాసుకోండి. దుకాణం పోతే పోనీ.

సంగీత


కోరుట్ల,
4 ఏప్రిల్ 2026

శ్రీమతి సంగీత గారికి,

30వ తేదీ లేఖ అందింది. ఇన్‌వర్డు 31. ఇకపై మీ లేఖలన్నీ కమిటీ ముందుకు పోతాయి కాబట్టి ఈ పద్ధతిలో రాస్తున్నాను.

తొలగించిన పేరును తిరిగి ఎక్కించే పద్ధతి లేదు. కొత్తగా చేరవచ్చు. మే 1న పున్నమి రోజు బోధ ఇస్తారు. ఆమె స్వయంగా రావాలి. ఇప్పటి గురువు ముందు విడుపు మళ్లీ చెప్పాలి. దాన్ని రాసుకోవడానికి, కంప్యూటరులో పెట్టడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం చేయాలి. నిరుటి గొడవ తర్వాత ఈ ఒప్పుకోలు పత్రం లేకుండా ఎవరినీ చేర్చుకోవడం లేదు. స్థలం 118 ఇవ్వవచ్చు. రోడ్డు వైపు గోడ పక్కన ఉంటుంది. బావ సమాధికి, దానికి మధ్య పది వరుసలు.

కాగితం వైపు చూశానని రాశారు. నా చేతిలో మూడు వందల ఎనభై ఒక్క పేర్లున్నాయి. మధ్యలో తల ఎత్తితే వరుస తప్పుతుంది.

ఓదెలు
కార్యదర్శి


సిరిసిల్ల,
9 ఏప్రిల్ 2026

మామా,

కమిటీ ముందు చదువుకో, మైకులో చదువుకో, నాకేం లేదు.

అమ్మను సోమవారం దవాఖానలో చేర్పించాం. పాదం నల్లబడింది. చీము రక్తంలోకి పోయిందన్నారు. మోకాలి కింద తీసేయాలంటున్నారు, తీసినా ఖాయంగా చెప్పలేమంటున్నారు. మే 1 దాకా ఆగే మనిషి కాదు.

ఒకటి రాయాలి. ఆ దరఖాస్తు అమ్మ చదివించుకుని సంతకం పెట్టలేదు. పింఛను కాగితం అని చెప్పాను. "ఈడనా?" అని అడిగి పెట్టింది. పెట్టినాక "మల్ల ఏడాదికా?" అన్నది. నువ్వు తెగతెంపులు అని రాసినప్పుడే నీకు చెప్పాల్సింది. అక్క నీ మీద కోపంతో చేసిందని నువ్వు అనుకుంటున్నట్టు నాకు అర్థమైంది. అట్లాగే అనుకోనిచ్చాను. ఆమె నీ మీద ఒక్క మాట అనలేదు.

తప్పు నాది. ఆమెకు నలభై ఒకటి ఇచ్చెయ్యి.

సంగీత


కోరుట్ల,
13 ఏప్రిల్ 2026

సంగీతకు,

నీ ఉత్తరం అందిన పూటే జగిత్యాల పోయాను. సుదర్శన్ గారు చెప్పింది ఇది. సంతకం మోసంతో తీసుకున్నదైతే దరఖాస్తు చెల్లదు. దరఖాస్తు చెల్లకపోతే తొలగింపూ చెల్లదు. నలభై ఒకటి కేటాయించిన మనిషి ఇంకా బతికే ఉంది కాబట్టి ఆ స్థలం వెనక్కి తీసుకోవచ్చు.

కానీ ఆ మాట నువ్వు రాస్తే సరిపోదు. మోసపోయిన మనిషి చెప్పాలి. నమూనా ఆయనే రాసిచ్చారు, దీనితో పంపుతున్నాను. అక్కకు మొత్తం చదివి వినిపించాలి. మనవాళ్లు కాని ఇద్దరు సాక్షులు ఉండాలి. వాళ్లు ఆమెను రెండు ప్రశ్నలు అడిగి జవాబు రాసుకోవాలి. ఒకటి, పింఛను అని చెప్పి నీ బిడ్డ ఈ సంతకం పెట్టించుకున్నదా? రెండు, దానివల్ల నీ భర్త పక్కన నీ స్థలం పోయిందని నీకు తెలుసా? రెండింటికీ అవునని చెప్పి ఆమె సంతకం పెట్టాలి.

ఇంతకంటే తక్కువలో పని కాదా అని కమిటీని అడిగాను. కాదన్నారు. "రేపు ఆమె బిడ్డనే మల్ల మాట మార్చి మన మీద కేసు ఏస్తది" అన్నారు. వాళ్ల మాటలో తప్పు పట్టలేకపోయాను.

కాగితం వస్తే ఆ గంటలోనే రాయి నాటిస్తాను.

అక్క ఏమన్నా తింటున్నదా?

ఓదెలు


సిరిసిల్ల,
2 మే 2026

మామా,

అమ్మ కాలు తీయకముందే ఏప్రిల్ 19న పోయింది. నీకు తెలుసు, అయినా తేదీ రాస్తున్నాను.

నీ కాగితం 16న వచ్చింది. అమృతను, పక్క బెడ్డు వాళ్ల అల్లుణ్ని సాక్షులుగా నిలబెట్టాను. అమ్మకు తెలివి ఉంది. నన్ను చూసి "ఏం కాయితమే?" అన్నది. నేను చదవడం మొదలుపెట్టాను. "రాధమ్మ అనే నేను" దాకా చదివాను. అంతలో ఆమె తన ధ్యాసలో తను మాట్లాడింది. "మీ నాయిన పక్కకెళ్లి మస్తు ఎండ గొడ్తది. నన్ను కూసోబెట్టినంక నెత్తి మీదికి ఇంత పందిరెయ్యమని ఓదెలుకు జెప్పు. గాడు జేస్తడు."

నేను ఆ కాగితం మడిచాను. అమృత "చదవండి ఆంటీ, టైం లేదు" అన్నది. చదవలేదు. మోసం చేశానని అమ్మతో చెప్పడానికి నాకు సిగ్గనిపించి ఆపాననుకుంటావేమో. సగం అదే. ఆ స్థలం లేదని తెలుసుకుని ఆమె ఇంకో రెండు రోజులు బతకాలి, మిగతా సగం అది. ఆమె ఏమీ తెలియకుండానే పోయింది.

ఆమే పోయాక నువ్వైనా పట్టు విడుస్తావనుకుని 20న కోరుట్లకు తెచ్చాం. తెల్లచీర కట్టి, శిష్యులకు చేసినట్టు కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు, నొసటికి గుడ్డ కట్టి ట్రాలీ ఆటోలో తెచ్చాం. పదిన్నరకు గేటు తాళం వేసి ఉంది. నువ్వు లోపల బల్ల మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్నావు. నన్ను చూసి, ఆటోలో ఆమెను చూసి అడిగావు.

"పేరు?"

నేను చెప్పాను. నువ్వు పేజీలు తిప్పావు. వేలు పెట్టి పైనుంచి కిందికి చూశావు. కోసిన పేజీ చోట కొత్త కాగితం అతికించి ఉంది, దాన్ని కూడా చూశావు. "లేదు" అన్నావు. పుస్తకం మూశావు.

మూడింటి దాకా గేటు ముందే ఉన్నాం. ఎండకు గుడ్డ సడలి తల ఒక పక్కకు పడింది. ప్రవళిక నిలబడి అమ్మమ్మ తలను రెండు చేతులతో పట్టుకుంది. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. దారిన పోయే వాళ్లు బండ్లు ఆపి ఫోటో తీసుకున్నారు. తిరిగొచ్చేటప్పటికి కాళ్లు బిగుసుకుపోయాయి. సిరిసిల్లలో కట్టెల మీద పడుకోబెట్టడానికి నలుగురు పట్టి ఒత్తాల్సి వచ్చింది. ఆ చప్పుడు నేను విన్నాను.

నేను అడిగేది రెండు. కోసిన ఆ పేజీ నిజంగా కాల్చారా? ఉంటే పంపు, అమ్మ పేరు మొదటి గురువు చేతిరాతలో ఉన్నది అదొక్కటే. రెండోది, ఎవరో నీకు తెలియనట్టు పేరు ఎందుకు అడిగావు?

సంగీత


కోరుట్ల,
11 మే 2026

శ్రీమతి సంగీత గారికి,

మీ 2వ తేదీ లేఖకు జవాబు.

పేజీ జనవరి 8న కాల్చాం. అయిదుగురి సంతకాలున్న కాగితం నకలు జత చేస్తున్నాను. అందులో ఎవరి పేజీ అన్నది రాయలేదు. రాస్తే పేరు మళ్లీ ఎక్కినట్టవుతుందని వకీలు గారు వద్దన్నారు.

గేటు దగ్గరికి వచ్చిన ప్రతి మనిషినీ పేరు అడుగుతాం. తెలిసినవారని అడగకుండా పంపిస్తే అప్పుడు పుస్తకం ఎందుకు? నేను పేజీలు తిప్పింది కమిటీ చూస్తున్నదని కాదు. ఎక్కడన్నా ఒకచోట తీసేయడం మరిచిపోయి ఉంటామేమోనని. నలుగురం నాలుగు రోజులు పని చేసినా ఏదో ఒక మూల మిగులుతుంది, ఆఫీసులో ఎప్పుడూ మిగిలేది. మిగిలి ఉంటే తాళం తీసేవాణ్ని. మిగల్లేదు. పని బాగా చేశాం.

నలభై ఒకటో స్థలం ఏప్రిల్ 27న నిండింది.

మీరు అడగనిది ఒకటి రాయాలి. కార్యదర్శి ఇంట్లో రక్తసంబంధీకులు పోతే పదకొండు రోజులు అతను పుస్తకం ముట్టరాదు, తాళంచెవి ఇంకొకరికి అప్పగించాలి. 20వ తేదీ సాయంత్రం మీరు పోయాక నేను తాళంచెవి బల్ల మీద పెట్టాను. "ఎవలు వోయిండ్రు?" అని అధ్యక్షుడు అడిగారు. "మా అక్క" అన్నాను. ఆయన నా వివరాల కాగితం తెప్పించారు. తోబుట్టువులు అన్న గడిలో ఒక్క పేరే ఉండేది. జనవరిలో దాన్ని నా చేత్తోనే కొట్టేశాను, పేరు ఎక్కడెక్కడ ఉన్నా అని మీరు రాశారు కాబట్టి. ఆయన ఆ గడి చూసి తాళంచెవి నా వైపు జరిపారు.

పదకొండు రోజులూ పుస్తకం నేనే తెరిచాను.

ఓదెలు
కార్యదర్శి